విదేశీ వెబ్‌సైటులో కొన్న డీఓ మీటరు తప్పు చూపిస్తోంది: డబ్బు ఎవరిని అడగాలి?

చెరువుగట్టు (భీమవరం దగ్గర)

సభ్యులందరికీ నమస్కారం. సొంతమూ కౌలూ కలిపి నాలుగెకరాల వనామి రొయ్యల చెరువులు నేనూ మా తమ్ముడూ చూసుకుంటున్నాం. నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు ఒకటి విదేశీ కంపెనీ సొంత వెబ్‌సైటులో నేరుగా కొన్నాను. ధర డాలర్లలో ఉంది, చెల్లింపు క్రెడిట్ కార్డుతో జరిగింది, కస్టమ్స్ సుంకం పార్సిల్ అందుకునేటప్పుడు కొరియర్ వారికి కట్టాను.

తెల్లవారుజామున ఆక్సిజన్ చాలక రొయ్య గట్టు వారకు వచ్చి తేలుతున్నప్పుడు కూడా ఈ మీటరు లీటరుకు 9 మిల్లీగ్రాములు చూపిస్తోంది. పక్క చెరువు వారి మీటరు అదే చోట 3 దగ్గర ఉంటోంది. మంచినీళ్లను బకెట్టులో పోసి బాగా గాలి కొట్టి చూశాను. 30 డిగ్రీల వేడిలో అలాంటి నీళ్లలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ నిలవదని ఆక్వా ల్యాబ్ వారు చెప్పారు. మీటరు మాత్రం 11 దాటింది. దీన్ని నమ్మి రాత్రి నీటికి గాలి కొట్టే ఏరియేటర్లు ఆపి ఉంటే పంట మొత్తం పోయేది.

కంపెనీకి రాస్తే మొదట కాలిబ్రేషన్ (రీడింగు సరిచూసి దిద్దడం) మళ్లీ చేయమన్నారు, ఆ తర్వాత మెంబ్రేన్ (సెన్సరు మీది పలుచని పొర) మార్చమన్నారు, రెండూ చేశాక ఇప్పుడు నా ఖర్చుతో వెనక్కి పంపితే పరీక్షించి చెబుతామంటున్నారు. పంపడానికయ్యే ఖర్చు మీటరు ధరలో సగం దాకా ఉంది. వివాదమేదైనా తమ దేశంలో మధ్యవర్తి ముందే తేల్చుకోవాలని వారి షరతుల్లో రాసుకున్నారు. మన దేశపు వినియోగదారుల చట్టం ఇలాంటి కొనుగోలుకు వర్తిస్తుందా, వర్తిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి, తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

కాలువలాకు (తణుకు)

చెరువుగట్టు గారూ, నేను బ్యాంకులో కార్డుల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. చట్టం సంగతి తెలిసినవారు తర్వాత చెబుతారు, మీరు ముందుగా మీటరు అందిన తేదీ చూసుకోండి. కార్డుతో చెల్లించారు కనుక, కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన సొమ్మును అమ్మకందారు నుంచి వెనక్కి రప్పించడం, కోరే అవకాశం మీకుంది. ఇది వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్కులు తమ సభ్య బ్యాంకులకు పెట్టుకున్న నియమం. దీనికి గడువు సాధారణంగా సరుకు అందిన నాటి నుంచి 120 రోజులు ఉంటుంది గానీ, కొన్ని బ్యాంకులు తమ లోపలి పని కోసం అంతకన్నా ముందే రమ్మంటాయి. అమ్మకందారు ఈ వారం కాలిబ్రేషన్ అనీ, వచ్చే వారం మెంబ్రేన్ అనీ సాగదీయడం వెనుక ఈ గడువే ఉండవచ్చు.

ఒక మెలిక ఉంది. సరుకు లోపభూయిష్టమైనదని ఛార్జ్‌బ్యాక్ అడిగేవారు దాన్ని తిప్పి పంపి ఉండాలి, లేదా తిప్పి పంపడానికి నిజంగా ప్రయత్నించి ఉండాలి. కాబట్టి ఈ రోజే వారికి ఈమెయిలు రాయండి: మీటరు ప్యాక్ చేసి సిద్ధంగా ఉంచామనీ, లోపం వారిది గనుక రవాణా ఖర్చు వారే భరించి రిటర్న్ లేబులూ చిరునామా పంపాలనీ, ఫలానా తేదీలోగా జవాబు రాకపోతే బ్యాంకును ఆశ్రయిస్తామనీ స్పష్టంగా ఉండాలి. ఫోనులోనూ చాట్‌లోనూ అడిగినదాన్ని బ్యాంకుకు చూపించడం కష్టం.

డెబిట్ కార్డుకు కూడా ఇదే దారి ఉంది. బ్యాంకు మీ వివాదాన్ని నమోదు చేయడానికే ఒప్పుకోకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి; 30 రోజుల్లో సరైన సమాధానం రాకపోతే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్ వద్దకు ఉచితంగా వెళ్లవచ్చు.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

వృత్తిరీత్యా న్యాయవాదిని. కాలువలాకు గారు చెప్పిన క్రమమే సరైనది. ఛార్జ్‌బ్యాక్ గడువుతో పోలిస్తే చట్టం ఇచ్చే గడువు చాలా విశాలం.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 అనేది 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది, ఆ నెలలోనే ఈ-కామర్స్ నియమాలు కూడా వెలువడ్డాయి. భారతదేశంలో స్థాపితం కాని సంస్థ అయినప్పటికీ, ఇక్కడి వినియోగదారులకు క్రమపద్ధతిలో సరుకులు అమ్మజూపుతూ ఉంటే ఆ నియమాలు దానికి వర్తిస్తాయని అందులోనే ఉంది. ఎప్పుడో ఒక్కసారి ఎవరికో పంపినవారు ఈ నిర్వచనంలోకి రావడం కష్టం. భారతీయ పిన్‌కోడ్‌లు తీసుకునే వెబ్‌సైటు, రూపాయల్లో ధర చూపే సదుపాయం, మన దేశపు రైతులకు ఉద్దేశించిన ప్రకటనలు, ఇక్కడి వారు రాసిన సమీక్షలు వంటివి ఉంటే వాటి స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి, ఎందుకంటే వివాదం మొదలయ్యాక పేజీలు మారిపోతుంటాయి.

ఆ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి ఒకరు ఉండాలి, ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లోపమున్న సరుకును గానీ, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును గానీ వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు అనకూడదు. ఇక ఫిర్యాదు ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు పాత చట్టంలో ఉన్న ఇబ్బంది ఇప్పుడు లేదు: 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోట, లేదా మీరు పని చేసుకునే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే కమిషన్‌కు ఫీజు లేదు. వినియోగదారుల కేసులు వేసే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. దానికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు నమోదు చేసి ఆ సంఖ్య రాసి ఉంచుకోండి.

లంకవాసి (కోనసీమ)

లాయరు గారూ, మీరు చెప్పిందంతా చట్టంలో ఉంది, నేను కాదనను. కానీ ఆ కంపెనీ వాడు ఏ సముద్రానికవతల ఉన్నాడో తెలియదు. కమిషన్ నోటీసు పంపుతుంది, వాడు రాడు, ఏకపక్షంగా మనకు అనుకూలంగా ఉత్తర్వు వస్తుంది. ఆ ఉత్తర్వు పట్టుకుని ఎవరి ఇంటి ముందు నిలబడాలి? మా ఊళ్లో ఒకాయన ఇలాంటి ఉత్తర్వును ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు, డబ్బు మాత్రం రాలేదు.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

లంకవాసి గారి మాటలో నిజముంది, నా కక్షిదారులకు కూడా నేను అదే చెబుతాను. కమిషన్ ఉత్తర్వును 71వ సెక్షన్ కింద సివిల్ కోర్టు డిక్రీ లాగా అమలు చేయించవచ్చు. పాటించనివారికి 72వ సెక్షన్ కింద జైలు శిక్షా, 25 వేలకు తగ్గని జరిమానా పడవచ్చు. అయితే ఆ మనిషికి గానీ, ఆ సంస్థకు గానీ మన దేశంలో శాఖ, గిడ్డంగి, బ్యాంకు ఖాతా, దిగుమతిదారు, ఏదో ఒకటి ఉండాలి. ఏదీ లేనప్పుడు మన ఉత్తర్వు అవతలి దేశంలో ఎంతవరకు చెల్లుతుందన్నది ఆ దేశపు చట్టం మీద ఆధారపడుతుంది, కొన్ని వేల రూపాయల మీటరు కోసం అంత దూరం వెళ్లమని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

అందువల్ల ఇలాంటి కేసుల్లో నేను మొదట అడిగేది ఈ వ్యవహారంలో భారతదేశంలో పట్టుకోదగినవారు ఎవరున్నారని. చెరువుగట్టు గారి విషయంలో ఇప్పటికి కనిపిస్తున్నది వారి కార్డు బ్యాంకు ఒక్కటే. మీటరు మీద గానీ పెట్టె మీద గానీ దిగుమతిదారు పేరు, సర్వీసు కేంద్రం చిరునామా ఉన్నాయేమో చూడమని కోరుతున్నాను.

షరతుల్లోని మధ్యవర్తిత్వ నిబంధనకు భయపడనవసరం లేదు. వినియోగదారుల చట్టం ఇచ్చే పరిహారం ఇతర చట్టాలకు అదనమని 100వ సెక్షన్ చెబుతోంది. లోపమున్న విత్తనాల వల్ల నష్టపోయిన మన రాష్ట్ర రైతుల కేసులో, అంటే నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ మధుసూదన్ రెడ్డి కేసులో, ఒప్పందంలో మధ్యవర్తిత్వం ఉన్నా రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది.

వరిచేను (మండపేట)

ఆ కేసు విత్తనాలకు సంబంధించినది. రొయ్యల చెరువు వ్యాపారమని, వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాడని అవతలివారు వాదించరా? నా పొలానికి మందు కొట్టే డ్రోను ఒకటి బయటి దేశం నుంచి తెప్పించుకోవాలనుకుంటున్నాను, కాబట్టి ఈ ప్రశ్న నాకు కూడా అవసరమే.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

తప్పకుండా వాదిస్తారు. చట్టం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని మినహాయించింది, కానీ స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కోసం మాత్రమే వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని వివరణ ఇచ్చింది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు దీన్ని విడమరచి, ప్రతి కేసులోని వాస్తవాలను బట్టి నిర్ణయించాలని చెప్పింది. నాలుగెకరాలు, అన్నదమ్ములిద్దరే పని చేసుకోవడం, ఇంటి జరుగుబాటు దాని మీదే ఉండటం: ఈ మూడింటినీ ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయాలి. వంద ఎకరాల చెరువులకు మేనేజర్లను పెట్టి నడిపే కంపెనీ ఇదే మీటరు కొంటే నేను ఇంత ధైర్యంగా చెప్పలేను.

ఉప్పుటేరు (కాకినాడ)

కస్టమ్స్ బ్రోకరు కార్యాలయంలో పని చేస్తున్నాను. ముందుగా వరిచేను గారికి: పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9 నుంచి నిషేధించారు, పరిశోధన, రక్షణ, భద్రత వంటి అవసరాలకే మినహాయింపు ఉంది. వెబ్‌సైటు ఆర్డరు తీసుకున్నంత మాత్రాన సరుకు మన దేశంలోకి వస్తుందని అనుకోకండి. అది కస్టమ్స్‌లో జప్తు అయితే, తాము పంపించామని అమ్మకందారు చేతులు దులుపుకుంటాడు. ఇక్కడ తయారైనదే కొనుక్కోండి.

చెరువుగట్టు గారికి సుంకం గురించి చెప్పాలి. దిగుమతి చేసుకున్న వస్తువు లోపభూయిష్టమని తేలితే కట్టిన సుంకం వాపసు అడిగే హక్కు కస్టమ్స్ చట్టం 26ఎ సెక్షన్‌లో ఉంది, దీన్ని చాలామంది వినియోగించుకోరు. వస్తువును తిరిగి విదేశానికి పంపాలి, లేదా దానిపై హక్కు వదులుకోవాలి, లేదా అధికారి సమక్షంలో ధ్వంసం చేయాలి. లోపం కనుక్కోవడానికి తప్పనిసరైనంత మేరకు తప్ప దాన్ని వాడి ఉండకూడదు. ఇదంతా సరుకు విడుదలకు ఉత్తర్వు ఇచ్చిన నాటి నుంచి 30 రోజుల్లో జరగాలి, పై అధికారి దీన్ని మూడు నెలల దాకా పొడిగించగలరు. వాపసు దరఖాస్తుకు ఆరు నెలల గడువు ఉంది. చిన్న పార్సిల్‌కు ఈ శ్రమ గిట్టుబాటు కాకపోవచ్చు, కానీ ఖరీదైన యంత్రం తెప్పించుకునేవారు మొదటి వారంలోనే పరీక్షించడం ఎందుకు మంచిదో దీన్ని బట్టి తెలుస్తుంది.

దేనికైనా బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం, నకలు కావాలి. కొరియర్ సంస్థ మీ పేరు మీదే దాఖలు చేసి ఉంటుంది, అడిగి తీసుకోండి. అందులో రెండు విషయాలు చూడండి. మొదటిది, సుంకం తగ్గుతుందని కొందరు విదేశీ అమ్మకందారులు విలువ తక్కువ చేసి రాస్తారు. అలా రాస్తే దిగుమతిదారుగా చిక్కు మీకే వస్తుంది, పైగా పూర్తి ధర వాపసు అడిగినప్పుడు ఆ కాగితాన్నే మీకు చూపిస్తారు. రెండవది, వ్యక్తిగత వినియోగానికి అని రాశారా అన్నది. విదేశీ వాణిజ్య నియమాల్లో వ్యక్తిగత వినియోగమంటే వ్యాపారంతో, తయారీతో, వ్యవసాయంతో సంబంధం లేనిది. ఇక్కడ వ్యక్తిగతమని రాసి, కమిషన్ ముందు జీవనోపాధి అంటే ప్రత్యర్థి ఆ తేడాను ఎత్తి చూపుతాడు కాబట్టి లాయరు గారితో ముందే మాట్లాడుకోండి.

అల్లికపని (నర్సాపురం)

నేను అవతలి పక్క నుంచి రాస్తున్నాను. మా లేసు అల్లికలు నేరుగా విదేశాల్లోని కొనుగోలుదారులకు పంపుతుంటాం, వారు ఛార్జ్‌బ్యాక్ వేసినప్పుడు జవాబు చెప్పుకోవలసింది మేమే. ఆ అనుభవంతో చెబుతున్నాను, అమ్మకందారుకు బ్యాంకు ఇచ్చేది కొద్ది రోజుల గడువు, ఆ లోపల మేము చూపించేవి సాధారణంగా ఇవే: సరుకు అందినట్లు సంతకం, వెబ్‌సైటులో ఉన్న వర్ణన, కొన్నవారితో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు. కొన్నవారు కేవలం నచ్చలేదని రాసినప్పుడు మేమే గెలుస్తాం. ఫలానా వర్ణనలో ఫలానా కొలత అని రాశారు, వచ్చినదాని కొలత ఇంత, ఇదిగో టేపు పెట్టిన ఫోటో అని రాసినవారికి మేము జవాబు చెప్పలేం, డబ్బు ఇచ్చేస్తాం.

కాబట్టి చెరువుగట్టు గారూ, మీటరు పనిచేయడం లేదని రాయకండి. వారి వెబ్‌సైటు కచ్చితత్వం ఎంతని ప్రకటించింది, కాలిబ్రేషన్ తర్వాత మీ మీటరు ఎంత చూపింది, అదే నీటిని ల్యాబ్‌లో పరీక్షిస్తే ఎంత వచ్చింది, ఈ మూడు అంకెలూ ఒకే కాగితం మీద ఉండాలి. మీటరు సీరియల్ నంబరు కనిపించేలా, బకెట్టులో పెట్టి రీడింగు తీస్తున్న వీడియో కూడా జత చేయండి.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

అల్లికపని గారి సలహా కమిషన్‌కు కూడా పనికొస్తుంది. ల్యాబ్‌లో వింక్లర్ పద్ధతిలో టైట్రేషన్ (రసాయనాలతో ఆక్సిజన్ కొలిచే పరీక్ష) చేయించి, తేదీ, సమయం, నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనంతో నివేదిక తీసుకోండి. ఇది ప్రాథమిక ఆధారమే. లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే కమిషన్ 38వ సెక్షన్ కింద గుర్తింపు పొందిన ప్రయోగశాలకు వస్తువును పంపుతుంది, 45 రోజుల్లో నివేదిక కోరుతుంది. అలాంటి కేసు పరిష్కారానికి మామూలుగా చెప్పిన మూడు నెలలకు బదులు ఐదు నెలలు చట్టం ఇచ్చింది. ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుందని వేరే చెప్పనక్కరలేదు. వీడియోలు, ఈమెయిళ్లు దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ ఆధారాల కోసం భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ చెప్పిన ధ్రువపత్రం జత చేయడం మంచిది.

కొబ్బరాకు (పాలకొల్లు)

మా ఇంట్లో విదేశీ ఎయిర్ ఫ్రయర్ మన దేశపు అమ్మకపు వేదికలోనే కొన్నాం, రెండు వారాలకే ఆగిపోయింది. తయారీదారు విదేశంలో ఉన్నాడు, మేము మధ్యవర్తులం మాత్రమే అని వేదిక వారు అంటున్నారు. దీనికీ చెరువుగట్టు గారి కేసుకూ తేడా ఏమైనా ఉందా?

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

చాలా తేడా ఉంది, మీ స్థితి మెరుగు. దిగుమతి సరుకు అమ్మేటప్పుడు మూలదేశమూ దిగుమతిదారు పేరూ వివరాలూ వేదికలో చూపించాలి. ఆ దిగుమతిదారూ, అమ్మకందారూ ఇద్దరూ మీకు ఇక్కడే దొరుకుతారు. ఇద్దరినీ, వేదికనూ కలిపి ప్రతివాదులుగా చేర్చండి. నాణ్యత ప్రమాణాల విషయంలో వేదికల బాధ్యతను కూడా అధికారులు అడుగుతున్నారు: ఐఎస్‌ఐ ముద్ర లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా విధించింది.

ఇంకొక మాట. వస్తువు వల్ల మనిషికి గాయమో, ఇంకొక ఆస్తికి నష్టమో జరిగితే ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం వర్తిస్తుంది. తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసి కూడా మన చట్టానికి లోబడనివాడైనా, అమ్మినవాడే బాధ్యుడని 86వ సెక్షన్ చెబుతోంది, దిగుమతిదారు కూడా అమ్మకందారు నిర్వచనంలోకి వస్తాడు. మీ ఎయిర్ ఫ్రయర్ ఊరికే ఆగిపోయింది కాబట్టి అది కేవలం లోపం కేసు. చెరువుగట్టు గారి పంట నిజంగా పోయి ఉంటే మాత్రం అది ఆస్తి నష్టమా, చట్టం మినహాయించిన వాణిజ్య నష్టమా అని పెద్ద వాదనే జరిగేది.

లంకవాసి (కోనసీమ)

మరి మా మేనకోడలు అమెరికాలో కొని, వచ్చేటప్పుడు తెచ్చిచ్చిన లాప్‌టాప్ సంగతి? కొన్నది తను, వాడేది నేను. కోనసీమలో ఇలాంటి వస్తువు లేని ఇల్లు తక్కువ.

కాలువలాకు (తణుకు)

కొన్నవారి అనుమతితో వాడేవారిని కూడా మన చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది, కానీ అమ్మినవాడు అమెరికాలో ఉన్నాడు కాబట్టి ఆ మాట మీకు పెద్దగా అక్కరకు రాదు. కార్డు ఆమెది గనుక వివాదం ఆమే తన బ్యాంకులో వేయాలి. అక్కడి చట్టంలో క్రెడిట్ కార్డు బిల్లు పంపిన నాటి నుంచి 60 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలని ఉంది. వారంటీ ఏ దేశాలకు వర్తిస్తుందో వారంటీ కార్డు మీద చదవండి. అంతర్జాతీయ వారంటీ ఉంటే ఇక్కడి సర్వీసు కేంద్రం చూస్తుంది, లేకపోతే డబ్బిచ్చి బాగు చేయించుకోవాలి.

చెరువుగట్టు (భీమవరం దగ్గర)

అందరికీ కృతజ్ఞతలు. రిటర్న్ లేబుల్ కోరుతూ ఈమెయిలు పంపి, గడువు దాటాక బ్యాంకులో వివాదం నమోదు చేశాను. ల్యాబ్ నివేదిక, వీడియో, వారి వెబ్‌సైటులో ప్రకటించిన కచ్చితత్వం ఉన్న పేజీ జతపరిచాను. పెట్టె మీద దిగుమతిదారు పేరేమీ లేదు. బ్యాంకు నోటీసు వెళ్లిన తర్వాత ఇన్నాళ్లూ పలకని కంపెనీ వారు స్వయంగా రాశారు: మీటరు నన్నే ఉంచుకోమని, 40 శాతం వెనక్కి ఇస్తామని, ముందుగా బ్యాంకులో వివాదం ఉపసంహరించుకోమని. తమ్ముడు తీసేసుకుందామంటున్నాడు. మీరేమంటారు?

అల్లికపని (నర్సాపురం)

ఉపసంహరించుకోవద్దండి. గెలిచే ఆధారాలు ఉన్న అమ్మకందారు ఇలాంటి బేరానికి రాడు. బ్యాంకులో పోగొట్టుకుంటే వారికి సొమ్ముతో పాటు రుసుము కూడా పడుతుంది, అందుకే తొందరపడుతున్నారు.

కాలువలాకు (తణుకు)

నాదీ అదే మాట. ఒకసారి ఉపసంహరించుకున్న వివాదాన్ని అదే కారణంతో మళ్లీ తెరవడం దాదాపు అసాధ్యం, ఆ 40 శాతం వారు పంపకపోతే అప్పుడు మీ చేతిలో ఏమీ మిగలదు. పూర్తి సొమ్ము ఇస్తే, లేబుల్ పంపితే సరుకు తిరిగి ఇస్తామని రాయండి, ఆ జవాబును కూడా బ్యాంకుకు అందించండి.

చెరువుగట్టు (భీమవరం దగ్గర)

అలాగే రాశాను. వారు లేబుల్ పంపారు, మీటరు ప్యాక్ చేసి కొరియర్‌కు అప్పగించి రసీదు స్కాను బ్యాంకుకు పంపాను. సొమ్ము తాత్కాలికంగా ఖాతాలో జమ అయింది, అయితే కొన్నప్పటి మొత్తానికి కొంచెం తక్కువగా కనిపిస్తోంది. సుంకం విషయంలో ఉప్పుటేరు గారు చెప్పిన 30 రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి వదిలేశాను.

కాలువలాకు (తణుకు)

తక్కువగా ఉండటానికి కారణం విదేశీ మారకపు మార్కప్, అంటే విదేశీ కరెన్సీ చెల్లింపుపై బ్యాంకు వేసే అదనపు రుసుము, అయి ఉంటుంది. చాలా కార్డులు విదేశీ చెల్లింపుపై 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్‌ను, దానిపై జీఎస్టీని తీసుకుంటాయి, వాపసులో దాన్ని సాధారణంగా తిరిగి ఇవ్వవు. డాలరు మారకపు రేటు తేడా కూడా కలుస్తుంది. ఇక తాత్కాలిక జమ అంటే ఇంకా తుది నిర్ణయం కాదు. అమ్మకందారు ఎదురు ఆధారాలు చూపితే బ్యాంకు దాన్ని వెనక్కి తీసుకోగలదు, కాబట్టి మీటరు వారికి చేరినట్లు ట్రాకింగ్‌లో కనిపించిన రోజే ఆ పేజీ ముద్రించి బ్యాంకుకు ఇవ్వండి, వివాదం ముగిసినట్లు రాతపూర్వకంగా వచ్చేదాకా ల్యాబ్ నివేదిక అసలు ప్రతిని ఎవరికీ ఇవ్వకండి.